ఫిట్టరుకు ఐటీఐ కావాలి, విలేకరికి వద్దా?

సేదరపేట్ పారిశ్రామికవాడ గేటు ఎదుట టీ కొట్టులో ఒక యానాం మనిషి అడిగిన ప్రశ్నకు ఆ పూట సగమే జవాబు చెప్పాను. మిగతా సగం ఇది.

పుదుచ్చేరి నుంచి మైలం వెళ్లే దారిలో, తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు సేదరపేట్. ఇక్కడివాళ్లు సేదరాపట్టు అంటారు. ప్రభుత్వ సంస్థ పిప్డిక్ ఇక్కడ ఎస్టేటు వేశాక చుట్టుపక్కల పల్లెలవాళ్లే కాక దూరాభారం వాళ్లూ పనికొస్తున్నారు. ఆయన అలా వచ్చినవాడే. ఫిట్టరు. షిఫ్టు దిగి, చేతులకు గ్రీజు పూర్తిగా వదలకుండానే గ్లాసు పట్టుకుని, తెలుగు మాట వినబడేసరికి నా పక్కకొచ్చి కూర్చున్నాడు. నేను పేపర్లో పనిచేసినవాణ్నని తెలియగానే మనసులో మాట బయటపెట్టాడు.

"మా పాపకి ఇంటరయిందండీ. జర్నలిజం డిగ్రీ చేస్తానంటోంది. మా ఊళ్లో రిపోర్టరు గారిని అడిగితే ఆయనే వద్దన్నారండీ. అది కాలేజీలో చదివితే వచ్చేది కాదంట, ఫీల్డులో తిరిగితే వచ్చేదంట. బీకాం చదివించి, అప్పటికీ మోజుంటే చూసుకోమన్నారు. మీరేమంటారండీ?"

"చదివించండి" అన్నాను. ఆయనకు తృప్తి కలగలేదు. నాకూ కలగలేదు. అంతలో కంపెనీ వ్యాను వచ్చింది, ఆయన లేచాడు.

ఆ రిపోర్టరు గారు ఒక్కరే అన్న మాట కాదది. తెలుగు పత్రికల్లో మండల కంట్రిబ్యూటరు దగ్గర్నుంచి ఎడిటరు గది దాకా అందరి నోటా నలిగిన మాట. జర్నలిస్టు పుట్టాలి గానీ తయారు కాడు. నార్ల వెంకటేశ్వరరావు ఏ కాలేజీలో జర్నలిజం చదివాడు? ముట్నూరి కృష్ణారావుకు డిప్లొమా ఉందా? డిగ్రీలో ఏ చరిత్రో ఎకనామిక్సో చదువుకుంటే రెండు అక్షరమ్ముక్కలు వస్తాయి, రిపోర్టింగు మూడు నెలల్లో మేం నేర్పుతాం. ఇలా అనేవాళ్లలో నాకు పని నేర్పిన పెద్దలున్నారు. అందుకే మొహమాటం పక్కనపెట్టి చెబుతున్నాను: ఈ వాదన తప్పు. తెలియక చేసిన తప్పూ కాదు. దీనివల్ల బాగుపడేవాళ్లున్నారు.

ముందు ఆ ఫిట్టరు సంగతే చూద్దాం. ఆయన ఐటీఐలో రెండేళ్లు ఫిట్టరు ట్రేడు చేశాడు. మొదటి నెలలంతా ఏం చేయిస్తారో ఆ దారిన వచ్చిన ఎవరినైనా అడగండి. ఒక ఇనప ముక్కను వైసులో బిగించి ఆకురాయితో రాయించడం. అన్ని వైపులా చదును రావాలి, మూల మట్టానికి అతకాలి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సందు కనబడకూడదు. కనబడితే మళ్లీ రాయి. ఆ ముక్క ఏ యంత్రంలోకీ పోదు, మార్కులేశాక మూలన పడేస్తారు. చెయ్యి కుదరడానికి, కన్ను కుదరడానికి ఆ పని. తర్వాత ఫ్యాక్టరీలో అప్రెంటిసు. 1961 నుంచి దానికొక చట్టమే ఉంది. ఎస్టేటులో ఏ యజమానీ "ఫిట్టరు పుట్టాలి గానీ తయారు కాడు" అనడు. షాపు ఫ్లోరులో తిరిగితే వస్తుందిలే అని తెలియనివాణ్ని లేతు మీదికి పంపడు. వేలు తెగుతుంది, యంత్రం పాడవుతుంది. బడి వేరు, పని వేరు అని గొడవపడే తీరిక అక్కడ ఎవరికీ లేదు. రెండూ ఉండాలని అందరికీ తెలుసు.

విలేకరి చేతిలో తెగేది ఎదుటివాడి వేలు. బహుశా అందుకేనేమో మనకు అంత తొందర లేదు.

ఈ వాదన కొత్తదీ కాదు. అమెరికాలో పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్, ఒక విశ్వవిద్యాలయంలో జర్నలిజం కళాశాల పెట్టిస్తానంటే తోటి సంపాదకులు ఈ మాటతోనే ఎగతాళి చేశారు. ఆయన 1904లో ఒక పెద్ద వ్యాసం రాసి వాళ్లకు జవాబిచ్చాడు. ఆ పులిట్జర్ కాలేజీ మెట్లెక్కినవాడు కాదు. హంగరీ నుంచి వలసొచ్చి, పని చేస్తూ నేర్చుకున్నవాడు. ఫీల్డు ఎంత నేర్పుతుందో, ఏం నేర్పదో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? 1908లో మిస్సోరీ విశ్వవిద్యాలయం జర్నలిజం స్కూలు తెరిస్తే తరగతులు మొదలైన రోజునే విద్యార్థుల పత్రిక అచ్చయి బయటికొచ్చింది. మన దగ్గర అనీబిసెంటు 1920లో అడయారు జాతీయ విశ్వవిద్యాలయంలో జర్నలిజం పాఠం పెట్టి, ఆ పిల్లల్నే తన 'న్యూ ఇండియా' పత్రికలో పనికి కూర్చోబెట్టింది. అడయారు సేదరపేట్‌కు మూడు గంటల దూరం. 1951లో మైసూరు మహారాజా కళాశాలలో బీఏలోనే జర్నలిజం ఒక సబ్జెక్టయింది. 1954లో ఉస్మానియాలో శాఖ తెరిచారు. డెబ్బయ్యేళ్ల కింద హైదరాబాదులో తేలిపోయిన విషయాన్ని ఇంకా పంచాయితీలో పెట్టి కూర్చున్నాం.

సరే, చరిత్ర అటుంచుదాం. ఫీల్డు ఏం నేర్పుతుంది? చాలా నేర్పుతుంది. ఎస్సై మాట తీరు పట్టడం, ఆస్పత్రిలో ఏ కాంపౌండరు నిజం చెబుతాడో కనిపెట్టడం, పొగ వచ్చిన వైపు పరిగెత్తడం. ఇవి ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు, ఒప్పుకుంటాను. కానీ పొగ రాకముందు వార్త ఎక్కడుంటుందో ఫీల్డు చెప్పదు. అది కాగితంలో ఉంటుంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లేచింది. పన్నెండు మంది చనిపోయారు. మన విలేకరులు ఆ ఉదయం గొప్పగా పనిచేశారు. ముక్కుకు గుడ్డ కట్టుకుని వీధుల్లో పడ్డవాళ్లను మోశారు, దాన్ని కాదనేవాడు మనిషి కాడు. కానీ అంతకు ఏడాది ముందు, 2019 మేలో, రాష్ట్ర పర్యావరణ ప్రభావ మదింపు సంస్థకు ఇచ్చిన అఫిడవిట్‌లో ఆ కంపెనీయే ఒక మాట ఒప్పుకుంది: తాను చేస్తున్న ఉత్పత్తి పరిమాణానికి చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని. ఏడాది పాటు ఆ కాగితం ప్రభుత్వ ఫైల్లో ఉంది. ప్రజలకు తెలిసింది శవాలు లేచాక. విశాఖలో విలేకరులు తక్కువా? లేరా అనుభవజ్ఞులు? ఉన్నారు. పర్యావరణ అనుమతి అంటే ఏమిటి, అది ఏ పరిమాణానికి ఇస్తారు, విస్తరణకు దరఖాస్తు పెడితే దానికి ఏయే కాగితాలు జతచేస్తారు, అవి ఎక్కడ దొరుకుతాయి అన్నది పద్ధతిగా నేర్పినవాళ్లు లేరు. వారం రోజుల పాఠం అది. ఏ డెస్కు ఇన్‌ఛార్జికైనా అర్ధరాత్రి ఎడిషను వదులుతూ వారం రోజుల పాఠం చెప్పే తీరిక ఉందా?

ఇంకో చిత్రం. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద పరిశ్రమకు ప్రజాభిప్రాయ సేకరణ జరిపేముందు కనీసం 30 రోజుల గడువుతో పత్రికల్లో ప్రకటన వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక. అంటే వార్త మన పేపర్లోనే, మన లోపలి పేజీలోనే, డబ్బులిచ్చి మరీ వేయించుకున్న ప్రకటనగా కూర్చుని ఉంటుంది. దాన్ని యాడ్ విభాగం చదువుతుంది, రిపోర్టింగు విభాగం చదవదు. నేను డెస్కులో ఉన్న అన్నేళ్లలో ఆ ప్రకటన చూసి వార్తకు కదిలిన విలేకరి ఒక్కడంటే ఒక్కడు తగిలాడు. అతను విశ్వవిద్యాలయంలో చదివినవాడని రాస్తే నా వాదనకు బాగుండేది. అబద్ధం ఎందుకు, అతను లా మధ్యలో మానేసినవాడు. ఏదో ఒక బడిలో కాగితం చదవడం నేర్చుకున్నవాడు, అంతవరకు నిజం.

సేదరపేట్‌కే వద్దాం. ఈ ఊరికీ పక్కనున్న కరసూరుకూ మధ్య ప్రత్యేక ఆర్థిక మండలి పేరుతో సుమారు 750 ఎకరాలు సేకరించి, ఏళ్ల తరబడి పడావు పెట్టారు. భూమి పోయిన రైతు కన్నీటి మీద ఎవడైనా రాయగలడు, ఫొటోతో సహా. ఏ చట్టం కింద తీసుకున్నారు, ఎకరానికి ఎంత కట్టారు, ఏ ప్రయోజనమని చెప్పారు, ఆ ప్రయోజనం పోయాక భూమి ఏమవ్వాలి అని రాయాలంటే ఫైలు తెరవాలి. ఫైళ్లు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అప్పీలు ఎక్కడ, వచ్చిన జవాబులో దాచిందేమిటి? ఇది కూడా ఆకురాయి పనే. పదిసార్లు రాయిస్తే గానీ చెయ్యి కుదరదు. పుదుచ్చేరి శివారు కాలాపేటలో కేంద్ర విశ్వవిద్యాలయం ఉంది, అందులో మాస్ కమ్యూనికేషన్ శాఖ ఉంది. అదే కాలాపేటలో 2023 నవంబరులో ఒక ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి కార్మికులు కాలిపోయి ఆస్పత్రిపాలయ్యారు. పాఠం గోడ అవతలే ఉంది. పిల్లల్ని గోడ దాటించే గురువు కావాలి. ఫీల్డు, తరగతి అని రెండు ముక్కలు చేసి ఏదో ఒకటి ఎంచుకోమనే మనిషికి ఈ గోడ అక్కర్లేదన్న మాట తట్టదు.

ఇక చట్టం. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలికి జరిగిన ఘోరం గుర్తుంది కదా. ఆమె అసలు పేరు, ఫొటో మన చానళ్లు రోజుల తరబడి చూపించాయి. పోలీసులు 'దిశ' అని పేరు పెట్టాకే ఆ పేరు వాడారు. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టరాదన్న నిబంధన శిక్షాస్మృతిలోకి వచ్చింది 1983లో. బాధితురాలు చనిపోయినా సరే పేరు చెప్పకూడదని సుప్రీంకోర్టు తేల్చింది 2018 డిసెంబరులో, అంటే ఈ ఘోరానికి ఏడాది ముందు. ఆ తెర మీద కూర్చున్నవాళ్లంతా ఫీల్డు తిన్నవాళ్లే, ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్నవాళ్లే. ఒక గంట పాఠం వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత వారానికి నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోతే, పోలీసులు చెప్పిన కథను 'పోలీసుల కథనం ప్రకారం' అన్న మూడు మాటలు కూడా లేకుండా చదివేశారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఆ కథనం నమ్మదగ్గది కాదంది. ఎవరు చెప్పారో చెప్పడం అన్నది మొదటి సెమిస్టరు పాఠం. నేర్చుకోవడానికి పుట్టుకతో వచ్చిన ప్రతిభ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. 'ఫీల్డే బడి' అన్న మాటతో బాగుపడేదెవరు?

1974 ఆగస్టు 10న విశాఖలో 'ఈనాడు' పుట్టాక, ఆపైన జిల్లా అనుబంధాలు వచ్చాక, ప్రతి మండలానికీ ఒక విలేకరి కావలసి వచ్చాడు. అంతమందికి జీతాలిచ్చి పెట్టుకోవడం ఏ యజమానికీ ఇష్టం లేదు. అలా పుట్టింది కంట్రిబ్యూటర్ వ్యవస్థ. లైన్ అకౌంటు: అచ్చయిన వరుసలు కొలిచి డబ్బు. పేపరు గుర్తింపు కార్డు చేతికొస్తుంది, జీతం రాదు. దసరాకూ నాయకుడి పుట్టినరోజుకూ యాడ్స్ తేవాలి. ఏ నాయకుడి మీద వార్త రాయాలో ఆ నాయకుడి దగ్గరికే రసీదు పుస్తకం పట్టుకెళ్లాలి. ఈ వ్యవస్థ ఊరి వార్తకు విలువ తెచ్చింది, దూబగుంట ఆడవాళ్ల సారా పోరాటం లాంటివి ఊరు దాటి రాష్ట్రానికి చేరడానికి సాయపడింది. ఆ మేలు మరిచిపోను. కానీ యాభయ్యేళ్లుగా మనవాళ్లు 'ఫీల్డు' అని ముద్దుగా పిలుచుకుంటున్నది ఈ జీతం లేని కొలువునే. ఆ కొలువులో కుర్రాడు మొదటి నెలలో నేర్చుకునేది ఎవరి మీద రాయకూడదో. వార్త ఎలా రాయాలో ఆ తర్వాత, వీలు చిక్కితే.

ఆ రసీదు పుస్తకం పెద్దదైతే ఏమవుతుందో కూడా చూశాం. 2009 ఎన్నికల్లో డబ్బిచ్చి వార్తలు వేయించుకున్న వ్యవహారం బయటపడ్డప్పుడు ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘం వేసింది. ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా, ఇంకొకరు మన కె. శ్రీనివాస్ రెడ్డి. వాళ్లు పేర్లతో సహా రాసిచ్చిన పూర్తి నివేదికను కౌన్సిల్ బయటపెట్టడానికి జంకింది. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే గానీ అది వెలుగు చూడలేదు. చూశారా, పత్రికల గుట్టు కూడా సమాచార హక్కు చట్టమే విప్పింది.

సంస్థల సొంత జర్నలిజం స్కూళ్లు లేవా అంటారు. ఉన్నాయి. మంచి తెలుగు రాసే సబ్ ఎడిటర్లను అవి తయారుచేశాయి, వాళ్లతో కలిసి పనిచేసినవాణ్ని నేను. కానీ సంస్థ బడి సంస్థకు కావలసినంతే నేర్పుతుంది, అది దాని ధర్మం. తన యజమాని సిమెంటు ఫ్యాక్టరీ మీద వార్త ఎలా రాయాలో ఏ సంస్థ బడీ నేర్పదు. విశ్వవిద్యాలయం నేర్పగలదు. నేర్పకపోతే ఎందుకు నేర్పలేదని అడిగే హక్కయినా ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది గుమ్మం సంగతి. ఫీల్డులోకి ఎలా చేరతారు? తెలిసినవాళ్ల ద్వారా. "మనవాడే, చురుకైనవాడు" అని ఎవరో ఒకరు చెప్పాలి. ఆ 'మన' అన్న ముక్కలో కులం ఉంది, ఊరు ఉంది, మగపుట్టుక ఉంది. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో ఒక్క దళిత జర్నలిస్టు కోసం వెతికి దొరక్క ఆ సంగతే రాశాడు. 2019లో ఆక్స్‌ఫాం, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో దేశంలోని న్యూస్‌రూముల్లో నాయకత్వ స్థానాలు 121 పరిశీలిస్తే 106 అగ్రవర్ణాల చేతిలో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. 'పుట్టాలి గానీ తయారు కాడు' అనే సామెతను ఈ అంకెల పక్కన పెట్టి చదవండి. ఎక్కడ పుట్టాలో కూడా తెలుస్తుంది. విశ్వవిద్యాలయంలో సీటుకు రిజర్వేషన్ ఉంది, మార్కుల జాబితా ఉంది, ఫీజు రాయితీ ఉంది. ఎంత వంకర టింకరగా ఉన్నా, వార్తా ప్రపంచంలోకి వెళ్లే దారుల్లో రాసిపెట్టిన నియమాలతో తెరుచుకునే తలుపు అదొక్కటే. సేదరపేట్ ఫిట్టరు కూతురికి మనవాళ్లెవరూ లేరు. ఆ తలుపు కూడా మూసి 'ఫీల్డుకు రా అమ్మా' అంటే ఆమె ఎవరి స్కూటరు వెనక కూర్చుని ఫీల్డుకు రావాలి?

ఎదుటివాళ్ల వాదనల్లో ఒక్కటి మాత్రం గట్టిది. డిగ్రీలో ఒక విషయం క్షుణ్ణంగా చదవాలి, ఆర్థికశాస్త్రమో చట్టమో. జర్నలిజం తర్వాత పీజీలో. విషయం తెలియని విలేకరి గుల్ల అని. నిజమే, గుల్ల విలేకరులు నాకూ తెలుసు. కానీ ఆ 'తర్వాత' ఎంతమందికి వస్తుంది? చెన్నైలో పేరున్న పీజీ డిప్లొమాకు ఫీజు లక్షల్లో ఉంటుంది. యానాం నుంచి, శ్రీకాకుళం నుంచి, ఆదిలాబాద్ నుంచి వచ్చే మొదటి తరం ఆడపిల్లకు ఇంట్లో ఇచ్చే గడువు మూడేళ్లు. అది దాటితే సంబంధాలు చూస్తారు, లేదా తమ్ముడి చదువు వస్తుంది. నాలుగో ఏడు, ఐదో ఏడు ఉంటేనే విలేకరి కావాలనడం విషయ జ్ఞానం మీద ప్రేమలా కనబడుతుంది గానీ, అడిగేది తండ్రి ఆస్తి గురించి. పైగా ఈ చిక్కుకు మైసూరు అప్పుడే దారి చూపింది. బీఏలో మిగతా సబ్జెక్టులతో పాటు జర్నలిజం ఒకటి. కర్ణాటకలో ఇవాళ్టికీ ఆర్థికశాస్త్రం, రాజనీతి, జర్నలిజం కలిపి చదివే పిల్లలున్నారు; హైదరాబాదులోనూ కొన్ని కాలేజీల్లో అలాంటి కూర్పులున్నాయి. అమెరికాలో జర్నలిజం కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ కూడా డిగ్రీలో ఎక్కువ భాగం జర్నలిజం బయటి చదువే ఉండాలంటుంది. 'ఏదో ఒకటి తేల్చుకో' అన్న బెదిరింపు ఇక్కడా అనవసరం.

పి. సాయినాథ్‌ను కూడా ఈ వాదనలోకి లాగుతుంటారు: ఆయన జేఎన్‌యూలో చరిత్ర చదివాడు, జర్నలిజం కాదు. అవును. ఆ సాయినాథే ముంబయి సోఫియా పాలిటెక్నిక్‌లో పాతికేళ్లకు పైగా జర్నలిజం తరగతులు చెప్పాడు. తరగతిలో నేర్పలేని విద్యను ఆయన అంతకాలం ఎందుకు నేర్పినట్టు? నార్ల, ముట్నూరి సంగతికొస్తే, వాళ్లకు డిప్లొమాలు లేవు గానీ చదువు లేదనకండి. వాళ్ల కాలంలో పత్రికాఫీసే గ్రంథాలయం. పదేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని దిద్దే పెద్దలుండేవాళ్లు. ఇవాళ అరగంటకో బ్రేకింగు వేసే ఆఫీసులో కుర్రాడి కాపీ దిద్ది, తప్పెక్కడో చూపించి, మళ్లీ రాయించే మనిషిని నాకు చూపించండి, ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

నా పక్షంలోనూ మచ్చ ఉంది. జర్నలిజం కోర్సుల్లో సగం చెత్త. రిటైరయ్యాక ఒక కాలేజీకి అప్పుడప్పుడు పాఠం చెప్పడానికి వెళ్లేవాణ్ని. పేరు అనవసరం. 'మీడియా ల్యాబ్' అని బోర్డున్న గదికి తాళం; తాళంచెవి ప్రిన్సిపాలు గారి దగ్గర. లైబ్రరీలో ఒక్క దినపత్రిక. మూడో ఏడు పిల్లలు విల్బర్ ష్రామ్ నమూనా బొమ్మ గీసి బాణాలకు పేర్లు పెట్టగలరు, ఎఫ్ఐఆర్ చేతికిస్తే ఏ సెక్షనులో ఏముందో వెతకలేరు. తమిళనాడు, పుదుచ్చేరి కాలేజీల్లో 'విస్కాం' అనే విజువల్ కమ్యూనికేషన్ డిగ్రీ ఉంది. దాన్ని జర్నలిజం అనుకుని చేరి, షార్ట్ ఫిలిం తీసి, కోడంబాక్కం బస్సెక్కిన కుర్రాళ్లకు లెక్కలేదు. సినిమా మీద నాకు పగలేదు, కోర్సు పేరు చూసి మోసపోవద్దంటున్నాను. కానీ చెడ్డ ఐటీఐలు లేవా? ఉన్నాయని ఫిట్టరు ట్రేడు ఎత్తేయమంటామా? వైసులు కొనివ్వమంటాం, తాళం తీయమంటాం.

ఉద్యోగాలు లేవంటారు. నిజం. పత్రికా ఉద్యోగుల జీతాలపై మజీఠియా వేతన సంఘం సిఫార్సులను 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. అవి మీ ఊరి విలేకరిదాకా ఎంతవరకు వచ్చాయో ఆయన్నే అడగండి, నవ్వుతాడు. ఈ కష్టం చదివినవాడికీ చదవనివాడికీ సమానమే. ఫిట్టరు గారికి సలహా చెప్పిన రిపోర్టరు కూడా అందులోంచే మాట్లాడాడని నాకు తెలుసు. 'నా బతుకు నీ కూతురికి వద్దు' అనడానికి నోరు రాక 'ఇది చదివితే వచ్చేది కాదు' అని ఉంటాడు. ఆయన మీద నాకు కోపం లేదు.

కానీ ఆయన ఊరినే చూడండి. యానాం కాకినాడకు ముప్పై కిలోమీటర్ల లోపు, తన రాజధాని పుదుచ్చేరికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైన. యానాం జనం చదివేది తెలుగు పత్రిక, వాళ్ల బతుకు తేలేది తమిళ, ఇంగ్లీషు ఫైళ్లలో. 2012 జనవరి 27న రీజెన్సీ సిరామిక్స్ దగ్గర ఒకే రోజు ఒక కార్మిక నాయకుడూ కంపెనీ ఉన్నతాధికారి ఒకరూ చనిపోయారు, ఫ్యాక్టరీ తగలబడింది. దేశమంతా యానాం పేరు విన్నది ఆ మంటల్లోనే. కార్మికుల ఆందోళన అంతకుముందే నడుస్తోంది. అది లేబరు ఆఫీసు కాగితాల్లో ఎలా కదిలింది, ఎక్కడ ఆగింది అని ముందే రాసిన తెలుగు వార్త ఒక్కటైనా నా కంట పడలేదు. తెలుగు ఇంట్లో పుట్టి, సేదరపేట్ వీధుల్లో తమిళం పట్టుకుని, ఇంగ్లీషులో ఫైలు చదవగలిగే ఒక పిల్ల ఈ మూడు భాషల మధ్య ఏం చేయగలదో ఆ రిపోర్టరు గారు ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే వద్దనేవారు కాదేమో.

అందుచేత, ఫిట్టరు గారూ, పాపను చేర్పించండి. కాలేజీకి మీరే స్వయంగా వెళ్లండి, బ్రోచరు చూసి మురిసిపోకండి. పిల్లలు నడిపే పత్రిక ఏదైనా ఉందా, ఉంటే పోయిన నెల సంచిక చూపించమనండి. పాఠం చెప్పేవాళ్లలో ఎప్పుడైనా వార్త రాసినవాళ్లున్నారా అడగండి. మీ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్షను రిపోర్టు ఎక్కడ దొరుకుతుందో మూడో ఏడు కుర్రాణ్ని ఎవరినైనా పట్టుకుని అడగండి. వాడు నీళ్లు నమిలితే ఆ కాలేజీ వదిలేసి ఇంకోటి చూడండి. జర్నలిజం మాత్రం వదలొద్దు. అప్లికేషను నింపడానికి సాయం కావాలంటే ఉదయం షిఫ్టు దిగే వేళకు అదే టీ కొట్టులో ఉంటాను.